గడ్డపు తొండ – గాజుపెట్టెలో ఎండ

కంచె మీదనో, రాతిగుట్ట మీదనో ఉదయపుటెండలో తల ఆడిస్తూ కూర్చున్న తొండను చూడని విద్యార్థి తెలుగు దేశంలో ఉండడు. దాని శాస్త్రీయ నామం కెలోటిస్ వెర్సికలర్. బల్లులలో అగామిడే అనే కుటుంబానికి చెందినది. “తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు” అని మనకొక సామెత ఉన్నది. తొండ ఎంత ముదిరినా ఊసరవెల్లి కాదు. కాని ఈ రెండు కుటుంబాలూ దగ్గరి చుట్టాలేనని జీవశాస్త్రం అంగీకరిస్తున్నది. రెండింటిలోను పళ్ళు దవడ ఎముకలోని గుంటలలో నాటుకొని ఉండక, ఎముక అంచుకే అతుక్కొని ఉంటవి.

మన తొండకు ఆస్ట్రేలియా ఖండంలో ఒక జ్ఞాతి ఉన్నది. ఆంగ్లంలో దానిని బియర్డెడ్ డ్రాగన్ అంటారు. మనం గడ్డపు తొండ అనవచ్చును. కోపం వచ్చినప్పుడు, భయం కలిగినప్పుడు గొంతు కింది ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లగా మార్చుతుంది. అప్పుడు అది నిజంగా గడ్డం పెంచిన ముసలివానివలె కనబడుతుంది. సాధుస్వభావం వలన, పగటి పూట సంచరించే అలవాటు వలన నేడు అనేక దేశాలలో ఇళ్ళలోను, పాఠశాలలలోను పెంచే బల్లులలో ఇది ముఖ్యమైనది.

ఇంత సాధువైన జంతువు పెంపకందారులకు చాలాకాలం దుఃఖం తెచ్చిపెట్టినది. చురుకుగా ఉన్న పిల్లను తెచ్చి, వెచ్చని గాజుపెట్టెలో ఉంచి, కడుపునిండా పురుగులు పెట్టినా, కొద్ది నెలలలో దాని దవడ మెత్తబడేది. కాళ్ళు వంకరపోయేవి. వేళ్ళు వణికేవి. చివరకు మూర్ఛవచ్చి మరణించేది. యజమాని మరొక పిల్లను తెచ్చి అదే పెట్టెలో ఉంచితే దానికీ అదే గతి పట్టేది. మొదటిది ఎందుకు మరణించినది అన్న ప్రశ్నకు జవాబు తెలియనిదే రెండవది బ్రతకదు. ఈ జవాబు ఒక్క మనిషికి ఒక్కచోట దొరకలేదు. సింహపు పిల్లల బోనులో కొంత, రోగగ్రస్తులైన పసిపిల్లల ఆసుపత్రిలో కొంత, ఎడారి ఇసుకలో కొంత దొరికినది. ఆ ముక్కలన్నీ కూడిరావడానికి నూరేళ్ళకు పైగా పట్టినది.

పేరు – పుట్టిల్లు

గడ్డపు తొండలలో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో నివసించే జాతిని 1829లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త కువియే వర్ణించినాడు. ఇళ్ళలో ఎక్కువగా పెంచేది మరొక జాతి. ఖండం నడిబొడ్డున, అర్ధశుష్క భూములలో జీవించే ఈ జాతికి 1926లో జర్మను శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఆల్ ‘విట్టిసెప్స్’ అని పేరు పెట్టినాడు. లాటిన్ భాషలో దీనికి తలపట్టీ గలది అని అర్థం. చాలాకాలం గడ్డపు తొండలన్నిటినీ ఒకే జాతిగా భావించి కలగలిపి వ్రాసేవారు. 1976లో బాధమ్ వీటి భేదాలను విడమరచి చూపగా, 1982లో పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియంలోని గ్లెన్ స్టార్ వీటికి ‘పొగోనా’ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచినాడు. గ్రీకు భాషలో పొగోన్ అంటే గడ్డం.

పొగోనా విట్టిసెప్స్ తోకతో కలిపి సుమారు అర మీటరు పెరుగుతుంది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, దక్షిణ ఆస్ట్రేలియా లోపలి ప్రాంతాలలో, చెట్ల మొద్దుల మీద, పొలాల కంచె గుంజల మీద ఎక్కి గంటల తరబడి ఎండ కాగుతుంది. పురుగులను, ఆకులను, పూలను తింటుంది. లేత వయసులో పురుగులే ఎక్కువ. వయసు మీరిన కొద్దీ ఆకు మేత పెరుగుతుంది. ఒక జంతువు మరొక దానికి లొంగినట్లు తెలుపడానికి ముందు కాలు ఎత్తి మెల్లగా గుండ్రంగా ఆడిస్తుంది. ఎండ, రాయి, కంచె గుంజ, నీడ, పలు రకాల మేత – ఇది దాని పుట్టింటి జీవితం. నాలుగు గాజు పలకల మధ్యకు వచ్చేసరికి వీటిలో ఏది పోయినదో పెంపకందారునికి తెలియలేదు.

సింహపు పిల్లలు నేర్పిన పాఠం

బందీ జంతువుల ఎముకల రోగాన్ని మొదట జాగ్రత్తగా పరిశీలించినది బల్లులలో కాదు, సింహాలలో. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో లండన్ జంతు ప్రదర్శనశాలలో పుట్టిన సింహపు పిల్లలు వరుసగా కాళ్ళు వంకరపోయి మరణించేవి. అక్కడ మరణించిన జంతువులను కోసి పరీక్షిస్తూ వచ్చిన వైద్యుడు జాన్ బ్లాండ్ సట్టన్. పిల్లలకు ఎముక లేని గుర్రపు మాంసం మాత్రమే పెట్టుతున్నారని అతడు గమనించినాడు. 1880ల దశకంలో అతని సలహా మేరకు పిల్లలకు పాలు, పొడిచేసిన ఎముకలు, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టినారు. కొద్ది నెలలలోనే రోగలక్షణాలు తొలగి, ఆ పిల్లలు చక్కగా పెరిగినవి.

ఇక్కడ గమనించదగిన విషయాలు రెండు. మొదటిది, చనిపోయిన జంతువు శరీరాన్ని పాతిపెట్టి మరచిపోక పరీక్షించినందువల్లనే కారణానికి దారి కనబడినది. రెండవది, మందు పనిచేసినదే గాని, అందులో ఏ పదార్థం పనిచేసినదో అప్పుడు తెలియలేదు. ఎముకల పొడిలో కాల్షియం, భాస్వరం ఉన్నవి. నూనెలో ఏమున్నది?

ఎండలో దాగిన ఔషధం

ఇదే రోగం మనుష్యులలో రికెట్స్ అనే పేరుతో ఐరోపా పారిశ్రామిక నగరాలను పీడిస్తూ ఉండేది. పొగ కమ్మిన ఇరుకు సందులలో పెరిగే పిల్లలకు కాళ్ళు విల్లువలె వంగిపోయేవి. 1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలను ఇంటిలోపలే ఉంచి, ఓట్సు వంటి ధాన్యంతో పెంచి, వాటికి రికెట్స్ రప్పించినాడు. కాడ్ చేపనూనెతో దానిని నివారించవచ్చునని చూపినాడు. 1922లో అమెరికాలో మెక్కాలమ్ ఈ నూనెను వేడిచేసి, దాని గుండా గాలి పంపి, అందులోని విటమిన్ ‘ఎ’ ను నాశనం చేసినాడు. అయినా ఆ నూనె రికెట్స్‌ను మాన్పినది. కనుక ఇందులో మరొక విటమిన్ ఉన్నదని తేలి, దానికి ‘డి’ అని పేరు వచ్చినది.

అదే కాలంలో వేరొక దారి కూడా తెరుచుకొన్నది. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల వైద్యుడు రికెట్స్ పిల్లల మీద క్వార్ట్జ్ పాదరస దీపపు అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసినాడు. ఎక్స్‌రే చిత్రాలలో ఎముకలు గట్టిపడుతున్నట్లు కనబడినది. ఒక చేతి మీద మాత్రమే కిరణాలు ప్రసరింపజేసినా రెండు చేతుల ఎముకలూ బాగుపడినవి. చర్మంలో ఏదో పదార్థం తయారై రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపిస్తున్నదని దీనివలన ఊహించవచ్చును. మన దేశంలో నాసిక్ ప్రాంతంలో పరిశోధించిన హచిసన్, షా అనే వైద్యులు 1922లో మరొక సాక్ష్యం ప్రకటించినారు. ఎండలో తిరిగే బీద పిల్లల కంటె, పరదా ఆచారం వలన ఇంటిలోనే పెరిగే సంపన్న కుటుంబాల పిల్లలలోనే ఈ రోగం ఎక్కువగా కనబడినదని వారు చూపినారు. మేలైన తిండి ఎండ లోటును తీర్చలేదన్నమాట.

నూనె, కిరణం – ఈ రెండు దారులూ ఒకటేనని 1924లో స్టీన్‌బాక్, హెస్ అనే అమెరికను శాస్త్రవేత్తలు వేర్వేరుగా నిరూపించినారు. కిరణాలు సోకిన ఆహారమే రికెట్స్‌ను మాన్పుతున్నదని వారు చూపినారు. ఈ పదార్థాల రసాయన నిర్మాణంపై చేసిన కృషికి జర్మను శాస్త్రవేత్త విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమతి లభించినది.

ఇప్పుడు తెలిసిన క్రమం ఇది. చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉన్నది. ఎండలోని అతినీలలోహిత-బి కిరణాలు సోకగానే అది విటమిన్ డి3కు పూర్వరూపంగా మారుతుంది. ఆ పూర్వరూపం శరీరపు వెచ్చదనం వలన మెల్లగా విటమిన్ డి3 అవుతుంది. అది కాలేయంలోను, తరువాత మూత్రపిండాలలోను మరి రెండు మార్పులు పొంది, హార్మోనువలె పనిచేసి, పేగులు కాల్షియంను పీల్చుకొనేటట్లు చేస్తుంది. ఈ హార్మోను లేనప్పుడు తిన్న కాల్షియం వృథా అవుతుంది. రక్తంలో కాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని, ఎముకలను కరిగించి ఆ లోటు పూడ్చుతవి. రక్తాన్ని కాపాడడానికి శరీరం ఎముకను వ్యయం చేస్తున్నదన్నమాట. ఎముక కూడా చాలనప్పుడు కండరాలు వణుకుతవి, మూర్ఛ వస్తుంది. గడ్డపు తొండ పిల్ల మరణానికి అసలు కథ ఇదే. చూచేవారికి అది హఠాన్మరణంగా తోచవచ్చును. లోపల మాత్రం అది నెలల తరబడి సిద్ధమవుతూ వచ్చినది.

సరీసృపాల ఇంటికి ఎండ తెచ్చిన మహిళ

వైద్యశాస్త్రం కనుగొన్న ఈ సత్యాన్ని సరీసృపాల గృహంలో ప్రవేశపెట్టినవారిలో ప్రముఖురాలు జోన్ ప్రాక్టర్. 1897లో లండన్‌లో జన్మించిన ఈమె బాల్యం నుండి తీవ్రమైన అనారోగ్యంతో బాధపడినా, బల్లులను, పాములను పెంచడం మానలేదు. ఒకమారు చిన్న మొసలిని బడికి తీసుకొనిపోయినదట. 1923లో లండన్ జంతు ప్రదర్శనశాలలో సరీసృపాల విభాగానికి అధికారిణి అయినది.

లండన్‌లో సరీసృపాలకు 1849 నుండే ప్రత్యేక గృహం ఉండేది. కాని వెచ్చదనం ఒక్కటే సరీసృపానికి చాలునన్నది నాటి భావన. ప్రాక్టర్ పర్యవేక్షణలో నిర్మించి 1927లో ప్రారంభించిన కొత్త గృహంలో ప్రతి గూటికీ వేరువేరుగా విద్యుత్తుతో వేడిమిని అమర్చినారు. గూళ్ళకు పైనుండి వెలుగు పడుతుంది. చూచేవారు నిలిచే దారి మసకగా ఉంటుంది. అన్నిటికంటె ముఖ్యంగా, మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత-బి కిరణాలను అడ్డగిస్తుందని గుర్తించి, వాటిని కొంతవరకు లోనికి పోనిచ్చే ‘వైటా గ్లాస్’ అనే ప్రత్యేకమైన అద్దాన్ని వాడినారు. అదే ఏడు ఇండోనేసియా నుండి వచ్చిన కొమొడో డ్రాగన్లు ఆ గృహంలో నివసించినవి. వాటిలో సుంబావా అనే దానిని ఆమె 1928లో శాస్త్ర సమావేశానికి వెంటబెట్టుకొని వచ్చి, అది ఎంత సాధువో చూపినది. 1931లో, 34 ఏళ్ళ వయసులోనే ఆమె మరణించినది.

కిటికీ పక్కన ఎండ పడేచోట గాజుపెట్టె పెట్టినాను కదా అని నేటికీ తృప్తిపడే పెంపకందారు ఈ ఘట్టాన్ని జ్ఞాపకం ఉంచుకొనవలె. అద్దం గుండా వెలుగు వస్తుంది, వేడిమి వస్తుంది. ఎముకను కట్టే కిరణం మాత్రం రాదు. పైగా మూసిన గాజుపెట్టె నేరుగా ఎండలో ఉంటే లోపలి వేడిమి త్వరగా ప్రాణాంతకమవుతుంది.

వేడిమి ఎంత, ఎక్కడ?

ఎడారి బల్లికి ఎంత వేడిమి ఉంటే అంత మంచిదని చాలాకాలం అనుకొనేవారు. ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసినవారు రేమండ్ కౌల్స్, ఛార్లెస్ బోగర్ట్ అనే అమెరికను శాస్త్రవేత్తలు. కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయలో పరిశోధించి 1944లో వారు ప్రకటించిన వ్యాసం సరీసృప శాస్త్రంలో ఒక మైలురాయి. నీడకు పోయే వీలు లేకుండా మండుటెండలో ఉంచిన ఎడారి సరీసృపం కొద్దిసేపటిలోనే మరణిస్తుందని వారు చూపినారు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు మాత్రం అది ఎండకు, నీడకు మధ్య తిరుగుతూ శరీరపు వేడిమిని ఆశ్చర్యకరంగా ఒక ఇరుకైన పరిధిలో నిలుపుకొంటుంది. సరీసృపాన్ని ‘శీతల రక్త జంతువు’ అనడం అంత సరికాదని దీనివలన తేలినది. అది వేడిమిని లోపల పుట్టించుకోదు, బయటనుండి ఏరి తెచ్చుకొంటుంది.

గడ్డపు తొండ చురుకుగా ఉన్నప్పుడు దాని శరీరపు వేడిమి సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. ఉదయం చలిగా ఉన్నప్పుడు వీపు నల్లగా చేసుకొని ఎండను పీల్చుకొంటుంది. వేడెక్కిన కొద్దీ రంగు తేలిక చేసుకొంటుంది. మరీ వేడెక్కితే నోరు తెరచుకొని కూర్చుంటుంది. కనుక పెట్టె అంతటా ఒకే వేడిమి ఉంచడం దానికి శిక్ష వంటిది. పెట్టెలో ఒక కొన 38 నుండి 42 డిగ్రీల వరకు, రెండవ కొన 25 డిగ్రీల ప్రాంతంలో ఉంటే, ఎప్పుడు ఎక్కడ ఉండవలెనో జంతువే నిర్ణయించుకొంటుంది. చల్లబడిన బల్లి తిన్నది అరగదు. దాని రోగనిరోధక శక్తి కూడా మందగిస్తుంది.

వేడిమికి, విటమిన్‌కు ఉన్న సంబంధం తరువాత తెలిసినది. హోలిక్, అతని సహచరులు 1995లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, 25 డిగ్రీల దగ్గర విటమిన్ డి3 పూర్వరూపంలో సగభాగం విటమిన్‌గా మారడానికి మామూలు ద్రావణంలో 72 గంటలు పట్టగా, ఇగ్వానా బల్లి చర్మంలో 8 గంటలే పట్టినది. శరీరాన్ని లోపలినుండి వెచ్చగా ఉంచుకోలేని జంతువుకు చర్మమే ఈ పనిని త్వరపెట్టుతున్నది. వెలుగు, వెచ్చదనం ఒక్కచోటనే దొరకవలెనని ప్రకృతి ఏర్పాటు. అందుచేత కిరణాల దీపం ఒక మూలను, వేడిమి దీపం మరొక మూలను ఉంచరాదు.

వేడిమి ప్రభావం గ్రుడ్డు దశనుండే ఆరంభమవుతుంది. ఈ జాతిలో లింగనిర్ణయం క్రోమోసోముల వలన జరిగేదే. అయినా గ్రుడ్లను సుమారు 32 డిగ్రీలకు మించిన వేడిమిలో పొదిగితే, మగవి కావలసిన పిండాలు ఆడవిగా మారుతవని 2007లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపినారు. అడవిలో కూడా ఇట్లు జరుగుతున్నదని 2015లో నిరూపించినారు.

మేతలోని లోటు

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1960ల దశకం నుండి తన వన్యజీవుల వ్యాపార ఎగుమతిని నిషేధించినది. అయినా ఇతర దేశాలకు చేరిన కొద్ది జంతువుల సంతతి పెంపకందారుల వద్ద వృద్ధిపొంది, 1990ల నాటికి ఐరోపా, అమెరికాలలో గడ్డపు తొండ సామాన్య పెంపుడు జంతువైనది. వాటికి చౌకగా దొరికే మేత కీచురాళ్ళు.

కీచురాయిలో మాంసకృత్తులు పుష్కలం. ఎముక మాత్రం లేదు. దాని శరీరంలో భాస్వరం కాల్షియం కంటె అనేక రెట్లు ఎక్కువ. పెరిగే బల్లికి కావలసిన నిష్పత్తి ఇందుకు వ్యతిరేకం: భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటిన్నర నుండి రెండు పాళ్ళు ఉండవలె. సింహపు పిల్లలకు ఎముక లేని మాంసం పెట్టిన పొరపాటే ఇక్కడ వేరొక వేషంలో మళ్ళీ వచ్చినది. 1980ల దశకంలో మేరీ ఆలెన్, ఓలావ్ ఆఫ్టెడాల్ అనే అమెరికను పోషకాహార శాస్త్రవేత్తలు దీనికి ఒక ఉపాయం చూపినారు. కీచురాళ్ళకే రెండు రోజులపాటు కాల్షియం బాగా కలిసిన మేత పెట్టి, కడుపు నిండా ఉన్నప్పుడే బల్లికి వేయవలె. పెట్టేముందు కాల్షియం పొడి అద్దడం దీనికి తోడు.

మేతలో మరొక అపాయం 1999లో బయటపడినది. అమెరికాలో కొందరి గడ్డపు తొండలు మిణుగురు పురుగు తిన్న కొద్ది గంటలలోనే మరణించినవి. కార్నెల్ విశ్వవిద్యాలయపు థామస్ ఐస్నర్ బృందం కారణం వెదకగా, అక్కడి మిణుగురులలో గుండెను దెబ్బతీసే విషపదార్థాలు ఉన్నట్లు తేలినది. ఆ దేశపు బల్లులు ఈ పురుగులను ముట్టవు. వాటితో పరిచయమే లేని ఆస్ట్రేలియా బల్లి మాత్రం పురుగు కనబడితే చాలు, మింగివేస్తుంది. తోటలో దొరికిన ఏ పురుగునైనా పట్టి పెట్టడం క్షేమం కాదు.

దీపం వెలుగుతూనే ఉన్నది, కిరణం లేదు

ఎండకు బదులు దీపం వాడడంలో ఒక మోసం ఉన్నది. తంతువుతో వెలిగే మామూలు బల్బు వేడిమినే గాని అతినీలలోహిత-బి కిరణాలను ఇవ్వదు. ప్రత్యేకంగా తయారుచేసిన ట్యూబులు వాటిని ఇస్తవి గాని, వాడిన కొద్దీ ఆ కిరణాలు క్షీణిస్తవి. కంటికి కనిపించే వెలుగు మాత్రం అట్లాగే ఉంటుంది. మనిషి కన్ను ఈ కిరణాలను చూడలేదు. అందువలన దీపం బాగానే ఉన్నదని యజమాని భావిస్తూ ఉండగానే జంతువు ఎముకలు కరగడం ఆరంభిస్తవి. మరికొన్ని దీపాలు ఇందుకు భిన్నంగా, ఎండలో లేనంత తక్కువ తరంగదైర్ఘ్యం గల కిరణాలను వెదజల్లి బల్లుల కళ్ళను దెబ్బతీసినవి.

విటమిన్ డి3ను మేతలో కలిపి పెడితే సరిపోదా అన్న సందేహం సహజం. నెదర్లాండ్స్ పరిశోధకులు గడ్డపు తొండ పిల్లల మీదనే దీనిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించినారు. విటమిన్ మేతలో తిన్న పిల్లల రక్తంలో కంటె, కిరణాలు సోకిన పిల్లల రక్తంలో విటమిన్ డి3 ఉత్పన్నాలు అనేక రెట్లు ఎక్కువగా ఉన్నవి. మరొక భేదం కూడా ఉన్నది. మేతలో విటమిన్ మితిమీరితే విషమవుతుంది. చర్మంలో తయారయ్యేది అట్లు కాదు. అవసరానికి మించిన పూర్వరూపాన్ని కిరణాలే నిరపాయమైన ఇతర పదార్థాలుగా మార్చివేస్తవి.

కిరణాలు ఎంత ఉండవలెనో ఊహతో చెప్పక, కొలిచి చెప్పే పద్ధతి ఇటీవలిది. మనుష్యుల చర్మరక్షణ కొరకు 1992లో కెనడాలో అతినీలలోహిత సూచిక రూపొందినది. గేరీ ఫెర్గుసన్, అతని సహచరులు బల్లులు, పాములు ఆరుబయట తమంతట తాము ఎంత కిరణ ప్రసారంలో గడుపుతవో ఈ సూచికతో కొలిచి, వాటిని నాలుగు తరగతులుగా విభజించి 2010లో ప్రకటించినారు. 2016లో ఫ్రాన్సిస్ బేయిన్స్, ఆమె సహచరులు ఈ విభజనను 254 జాతుల సరీసృపాలకు, ఉభయచరాలకు విస్తరింపజేసినారు. గడ్డపు తొండ మూడవ తరగతిలో చేరినది. ఆ తరగతి జంతువులు గడిపే సగటు సూచిక 1.0 నుండి 2.6 వరకు. ఎండ కాగే చోట అంతకంటె ఎక్కువ ఉండవచ్చును. పెట్టెలోనే కొలిచే చేతి పరికరాలు నేడు దొరుకుతున్నవి.

లోపమా, అంటువ్యాధియా?

అన్ని మరణాలకూ లోపమే కారణం కాదు. వెలుగు, వేడిమి, మేత సక్రమంగా ఉన్నా కొన్ని పిల్లలు ఎదగక, నీరసించి, మెడ మెలితిప్పుకొని మరణించేవి. 1982లో న్యూజీలాండ్ పశువైద్య పరిశోధకులు ఒక గడ్డపు తొండ కాలేయంలో ఎడినోవైరస్ తెచ్చిన వ్యాధిని వర్ణించినారు. 2004లో అమెరికను పరిశోధకులు బల్లుల ఎడినోవైరస్‌ల జన్యుపదార్థాన్ని పరీక్షించి, పశువులలో, పక్షులలో కూడా కనబడే ఈ వైరస్ వర్గానికి సరీసృపాలే తొలి నివాసమై ఉండవచ్చునని సూచించినారు.

ఈ వ్యాధికి మందు లేదు. ఆరోగ్యంగా కనబడే పెద్ద జంతువు కూడా దీనిని మోస్తూ మలం ద్వారా వెదజల్లవచ్చును. కాక్సీడియా అనే పరాన్నజీవులు కూడా మలం ద్వారానే వ్యాపిస్తవి. చర్మాన్ని తొలిచివేసే ఒక శిలీంధ్ర వ్యాధి కూడా ఈ జాతిని పట్టుతుంది.

మొదటి జంతువును పోగొట్టుకొన్నవారికి ఈ భేదం ప్రాణప్రదమైనది. మరణానికి కారణం కాల్షియం లోపమైతే దీపాన్ని, మేతను మార్చవలె. పెట్టెలో దోషం లేదు. కారణం అంటువ్యాధి అయితే ఎంత మంచి దీపం పెట్టినా, ఆ పెట్టెలోని కొయ్య, ఇసుక, గిన్నె రెండవ దానికి వ్యాధిని అంటించవచ్చును. బయటి లక్షణాలు రెండింటిలోను కొంత ఒకేరీతిగా ఉంటవి. వణుకు రెండింటిలోను ఉండవచ్చును, తిండి మానడం రెండింటిలోను ఉంటుంది. నిర్ణయించేది మరణోత్తర పరీక్ష. బ్లాండ్ సట్టన్ సింహపు పిల్లల విషయంలో చేసినది అదే.

రెండవ జంతువు

ఈ చరిత్ర అంతా కలిసి నేటి పెంపకందారుకు కొన్ని నియమాలను ఇచ్చినది. మరణించిన జంతువును వెంటనే చల్లగా భద్రపరచి పశువైద్యునికి చూపి కారణం తెలుసుకొనవలె. పాత పెట్టెలో శుభ్రపరచడానికి వీలులేని కొయ్య, ఇసుక పారవేసి, మిగిలినవి కడిగి, క్రిమిసంహారకంతో తుడిచి ఆరబెట్టవలె. కొత్త పిల్లను ఇతర జంతువులతో కలపక కొన్ని వారాలు వేరుగా ఉంచి, మల పరీక్ష చేయించవలె. ఒకే పెట్టెలో పలు పిల్లలను ఉంచితే బలమైనది బలహీనమైనదాని తిండిని, ఎండను కూడా ఆక్రమిస్తుంది. కాలివేళ్ళు, తోక కొరకడం కూడా ఉన్నది.

కిరణాల దీపానికి, జంతువుకు నడుమ గాజు ఉండరాదు. దీపం అమర్చిన తేదీ వ్రాసి ఉంచి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చవలె. వారానికొకమారు జంతువును తూచి బరువు వ్రాసుకొనవలె. సరీసృపాలు రోగాన్ని చాలాకాలం దాచుకొంటవి. కంటికి కనిపించని క్షీణత తక్కెడలో ముందుగా కనిపిస్తుంది. ఈ జంతువులు తమకు ఏ బాధా లేకుండానే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని మోయవచ్చును. కనుక ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుగుకొనవలె. ఇట్లు పెంచిన గడ్డపు తొండ పదేళ్ళకు పైగా కూడా జీవించగలదు.

పాఠశాలలలో ఈ విషయం బోధించడానికి గడ్డపు తొండను కొని తేనక్కరలేదు. దాని జ్ఞాతి మన కంచెల మీదనే ఉన్నది. దానిని పట్టకుండా, రాళ్ళు రువ్వకుండా దూరంనుండి గమనిస్తే చాలును. అది ఏ గంటకు ఎండలోకి వచ్చినది, ఏ గంటకు నీడకు పోయినది, అప్పటి గాలి వేడిమి ఎంత, దాని రంగు ఎట్లా ఉన్నది – ఈ నాలుగు విషయాలు విద్యార్థులు ఒక నెల పాటు వ్రాసి, గ్రాఫు గీసి చూడవచ్చును. కౌల్స్, బోగర్ట్ ఎడారిలో గమనించినదాని ఛాయ ఆ గీతలలో కనబడుతుంది. మధ్యాహ్నపు ఎండలో తొండ ఎక్కడికి పోయినదో వెదకిన విద్యార్థికి, గాజుపెట్టెలోని బల్లికి నీడ కూడా ఎందుకు అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.